ఊరమ్మ అందరిదీ అయితే శిడిబుట్ట ఎవరిది?

కంకిపాడు చుట్టుపక్కల ఏ ఊళ్ళో అడిగినా 'అమ్మోరు ఊరందరికీ తల్లేనండీ' అంటారు. పెద్ద బజారులోనూ అదే మాట, పల్లెలోనూ అదే మాట. మాట ఒకటే గానీ పలికే తీరు ఒకటి కాదు. పెద్ద బజారులో ఆ మాట ఔదార్యంలాగా వస్తుంది: 'మేం ఎవరినీ కాదనలేదు గదా' అన్నట్టు. పల్లెలో అదే మాట హక్కులాగా, ఒక్కోసారి తగాదాలాగా వస్తుంది: 'మేం లేకపోతే ఆమెకు కొలుపే లేదు' అన్నట్టు. ఈ రెండిటికీ మధ్య ఉన్న దూరాన్ని మన గ్రామదేవతల మీద వచ్చిన రాతల్లో పట్టించుకున్నవి తక్కువ. మా పేచీ అక్కడే.

గ్రామదేవతల గుళ్ళ గురించి సాధారణంగా రెండు రకాల చరిత్రలు దొరుకుతున్నాయి. ఒకటి తిరునాళ్ళ దుకాణాల్లో అమ్మే స్థలపురాణం. అందులో అమ్మవారు ఎవరింట్లో పుట్టింది, ఎవరికి కలలో కనిపించింది, ఏ వంశం వాళ్ళు గుడి కట్టించారు అన్నవే ఉంటాయి. రెండోది పరిశోధకుల రాత. అందులో అమ్మవారు ద్రావిడ దేవత, మాతృస్వామ్య అవశేషం, ప్రజల దేవత వగైరా అవుతుంది. మొదటి దాంట్లో దాతలు కనిపిస్తారు, రెండోదాంట్లో 'ప్రజలు' కనిపిస్తారు. డప్పు మోసినవాడు, దున్నను కొట్టినవాడు, రక్తం కలిపిన అన్నాన్ని అర్ధరాత్రి ఊరి పొలిమేర చుట్టూ చల్లుకుంటూ తిరిగినవాడు రెండిట్లోనూ పేరులేని వాళ్ళే.

అసలు ఈ గుళ్ళకు 'కట్టిన తేదీ' వెతకడమే తప్పుదారి. వేపచెట్టు కింద పసుపు పూసిన రాయికీ, పొలిమేరలో పాతిన పోతురాజు కొయ్యకూ శంకుస్థాపన ఉండదు. ఆ రాయికి ఉన్న చరిత్ర అది చేసిన పని చరిత్రే. కృష్ణా డెల్టాలో ఆ పనికి రెండు ముఖ్యమైన దశలు ఉన్నాయని మేము అనుకుంటున్నాము. మొదటిది రోగాల దశ. మశూచికి మన భాషలో పేరే 'అమ్మవారు'. కలరా వచ్చినా, పశువులకు గాలి సోకినా, వాన ముఖం చాటేసినా ఊరు మొత్తం కొలుపుకు దిగేది. అప్పుడు అమ్మవారు ప్రాణాలకు సంబంధించిన విషయం, అలంకారం కాదు. రెండోది వరి డబ్బు దశ. బెజవాడ దగ్గర ఆనకట్ట 1855లో పూర్తయింది. కాలవ నీళ్ళు మెట్ట చేలను మాగాణి చేశాయి. 1941లో ఉయ్యూరులో కె.సి.పి. చక్కెర ఫ్యాక్టరీ వచ్చింది. 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. ఇటు డబ్బు పెరుగుతూ పోయింది, అటు రోగాలు తగ్గుతూ వచ్చాయి. మన దేశం నుంచి మశూచి పోయిందని 1977లో ప్రకటించారు. అమ్మవారి పాత ఉద్యోగం అట్లా పోయింది. కొత్త ఉద్యోగం దొరికింది: ఊరి గొప్ప చూపించడం. రాయి మీదికి శ్లాబు వచ్చింది, శ్లాబు మీదికి గోపురం వచ్చింది, గోపురం వచ్చాక అర్చకుడు వచ్చాడు. అప్పటిదాకా కొలుపు నడిపిన చేతులు కొత్త గుడిలో క్యూ లైనులోకి పోయినాయి.

కొలుపు ఎట్లా జరిగేదో ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కొందరు తెల్లవాళ్ళు రాసిపెట్టారు. తర్‌స్టన్ 1909లో ఏడు సంపుటాల కులాల గ్రంథం వేశాడు. ఎల్మోర్ అనే మిషనరీ 1915లో తెలుగు దేశపు గ్రామదేవతల మీద పుస్తకం తెచ్చాడు. మద్రాసు బిషప్ వైట్‌హెడ్ 1916లో దక్షిణ దేశపు గ్రామదేవతల మీద రాశాడు. దున్న తల నరకడం, దాని ముందుకాలు తీసి నోట్లో పెట్టడం, తల మీద దీపం వెలిగించడం, రక్తం కలిపిన పొలిని చల్లడం - ఇవన్నీ వాటిల్లో ఉన్నాయి. ఎవరి పని ఏదో కూడా ఉంది. కుమ్మరికి కుండ, చాకలికి దివిటీ, మాదిగకు డప్పు, దున్న. ఈ పుస్తకాలకు మనం రుణపడి ఉన్నాం, సందేహం లేదు. అయితే వాళ్ళ కళ్ళు రక్తం దగ్గరే ఆగిపోయినాయి. ఆ క్రతువును మూఢత్వంగా చూశారు, శ్రమ విభజనగా చూడలేదు. ఒక ఊరి కులవ్యవస్థ మొత్తం ఒక్క రాత్రిలో, ఒక్క వరసలో నడిచివెళ్ళేది. ఎవరు ముందు, ఎవరు వెనక, ఎవరికి తల, ఎవరికి తోలు అన్నది లెక్క తప్పకుండా జరిగేది. అది పూజా విధానమే కాదు, ఊరి రాజ్యాంగం కూడా.

ఇక ఉయ్యూరు సంగతి. కంకిపాడు దాటి బందరు రోడ్డున పోతే వచ్చే పెద్ద ఊరు అది. అక్కడి వీరమ్మ తల్లి తిరునాళ్ళు మాఘమాసంలో భీష్మ ఏకాదశి నాడు మొదలై పదిహేను రోజులు జరుగుతాయి. కంకిపాడు, పెనమలూరు, పామర్రు వైపు పల్లెలన్నీ అటే కదులుతాయి. జనం చెప్పుకునే కథ ప్రకారం వీరమ్మ ఒక యాదవ కుటుంబపు కోడలు. భర్త చింతయ్య చంపబడితే ఆమె సహగమనం చేసింది. ఊరి కరణం ఆమె మీద కన్ను వేసి ఆ హత్య చేయించాడని ఒక కథనం ఉంది. ఆ కథనాన్ని కాసేపు గట్టిగా పట్టుకుని చూడండి. అధికారం చేతిలో ఉన్న పైకులం మగవాడు, కింది కులం స్త్రీ, హత్య, చితి. ఇది భక్తి కథ కంటే ముందు ఒక నేరం కథ. ఇట్లాంటి కథలు మన జిల్లాల్లో చాలా గుళ్ళకు పునాది. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ కథలోనూ భర్త గోపయ్య మరణం, ఆమె అగ్నిప్రవేశం ఉన్నాయి. కాలిపోయిన ఆడమనిషిని అమ్మను చేసి పూజించడంలో ఊరి అపరాధ భావన ఎంత, భయం ఎంత, ఆ నేరాన్ని మరిచిపోయే ఉపాయం ఎంత అన్నది స్త్రీవాదులు తేల్చాల్సిన లెక్క. గుళ్ళో పసుపు కుంకుమల కింద ఆ నేరం మాత్రం ఏటేటా ఇంకొంచెం కనపడకుండా పోతోంది. పైగా సహగమనం మహిమగా మిగులుతోంది.

మేము ఇక్కడ ప్రధానంగా మాట్లాడదలచుకున్నది పదకొండో రోజున జరిగే శిడిబండి గురించి. దళితవాడ నుంచి ఒక యువకుణ్ని మేళతాళాలతో తీసుకొస్తారు. అతన్ని 'పెళ్ళికొడుకు' అంటారు. శిడిమాను కొసకు కట్టిన బుట్టలో కూర్చోబెట్టి పైకి లేపి తిప్పుతారు. కిందనుంచి జనం అరటికాయలు విసురుతారు. తగిలితే మంచిదంటారు, మొక్కు తీరిందంటారు.

ఈ శిడికి పాత రూపం అందరికీ తెలిసిందే. వీపు చర్మంలోకి ఇనప కొక్కేలు గుచ్చి మనిషిని మాను కొసకు వేలాడదీసి తిప్పేవాళ్ళు. బెంగాల్లో 1865లో దాన్ని నిషేధించారు. మద్రాసు ప్రభుత్వం మాత్రం చాలాకాలం నాన్చి, 1890లలో విచారణలు జరిపి, చట్టం చేయకుండా మేజిస్ట్రేట్ల ఆజ్ఞలతోనే ఆపించే దారి పట్టింది. దీని మీద 1995లో చరిత్రకారుడు జెఫ్రీ ఆడీ ఒక పుస్తకమే రాశాడు. ఆ కాలపు రికార్డుల్లో మళ్ళీ మళ్ళీ కనిపించే సంగతి ఒకటుంది. మొక్కుకున్నది ఒకరు, వేలాడింది ఇంకొకరు. వేలాడిన వాళ్ళల్లో ఎక్కువమంది కింది కులాల వాళ్ళు, కొన్నిచోట్ల కూలి తీసుకుని వేలాడిన వాళ్ళు. మొక్కు పుణ్యం మొక్కుకున్నవాడికి, గాయం వేలాడినవాడికి. కొక్కేలు పోయాయి. చాలాచోట్ల మనిషి బదులు మేకపోతునో బొమ్మనో కట్టారు. కొన్నిచోట్ల బుట్ట వచ్చింది. బుట్ట కచ్చితంగా మెరుగే, కాదనం. కానీ సంస్కరణ మారిస్తే మారేది పరికరమే. అందులో కూర్చునే మనిషి ఏ వాడ నుంచి రావాలన్నది ఏ మేజిస్ట్రేటు ఆజ్ఞలోనూ లేదు, అందుకే అది మారలేదు.

'అది వాళ్ళకిచ్చిన గౌరవమండీ, పెళ్ళికొడుకును చేసి ఊరేగిస్తన్నాం గదా' అనే సమాధానం వస్తుంది. దీన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. ఆ వాడలో కొందరు దాన్ని నిజంగానే గౌరవంగా భావిస్తారు, వంశ హక్కుగా కాపాడుకుంటారు. మేము అడిగేది వేరే ప్రశ్న. విజయనగరం పైడితల్లి సిరిమాను చూడండి. అక్కడా మాను ఉంది, మాను కొసన మనిషి ఉన్నాడు, అరటిపళ్ళు విసరడమూ ఉంది. కాకపోతే అక్కడ కూర్చునేది పూజారి. ఆ కాసేపు అతనే అమ్మవారు, జనం చేతులెత్తి దండం పెట్టేది అతనికి. ఇక్కడ కూర్చునేది దళితవాడ 'పెళ్ళికొడుకు'. అతను అమ్మవారు కాదు, అమ్మవారికి ఊరు చెల్లించే మొక్కులో ఒక భాగం. ఒకే మాను మీద రెండు స్థానాలు. గౌరవం అనే మాటతో ఈ తేడా చెరిగిపోదు. గౌరవమే అయితే అది ఎప్పుడూ ఒకే వాడకు ఎందుకు దక్కుతోంది? మిగతా ఊళ్ళో గౌరవం అక్కర్లేని వాళ్ళు అంతమంది ఉన్నారా?

మాతంగి గురించి కూడా ఇట్లాంటి మాటే చెబుతారు. కొలుపు నాడు మాదిగ స్త్రీ ఆవేశంతో ఊగుతూ అన్ని కులాల వాళ్ళ మీదా ఉమ్ముతుంది, తిడుతుంది, బ్రాహ్మడైనా సరే పవిత్రమైందనుకుని ఊరుకుంటాడు. ఎల్మోర్ దీన్ని వివరంగా రాశాడు. దీన్ని చూసి 'కులం తలకిందులైంది' అని సంబరపడే వ్యాసాలు మేము చదివాము. తెల్లారితే ఆ స్త్రీ ఎక్కడుంటుంది? మాతంగి, బసివి, జోగిని వ్యవస్థలన్నిటినీ కలిపి నిషేధిస్తూ 1988లో రాష్ట్రం చట్టం చేయాల్సి వచ్చిందంటే ఆ ఒక్క రోజు తిరుగుబాటుకు మిగతా రోజుల్లో ఏం ధర కట్టారో తెలుస్తూనే ఉంది.

మన పక్షం వాళ్ళ రాతల్ని కూడా ఇక్కడ తాకక తప్పదు. కంచ ఐలయ్య 1996లో తెచ్చిన 'నేను హిందువు నెట్లయిత' వాదం మనందరికీ బలమిచ్చింది. పోచమ్మకు పూజారి అక్కర్లేదు, సంస్కృతం అక్కర్లేదు, ఎవరి భాషలో వాళ్ళు మాట్లాడుకోవచ్చు, ఆమె దళితబహుజనుల దేవత అని ఆయన చూపించారు. బ్రాహ్మణీయ దేవుళ్ళతో పోల్చినప్పుడు ఇది నిజమే. కానీ పోలిక ఎప్పుడూ పైకే చూసి చేస్తే కింద ఏముందో కనపడదు. పోచమ్మ ముందు బ్రాహ్మడు లేడు సరే, డప్పు ఎవరి చేతిలో ఉంది? బ్రాహ్మణ పూజారి లేనంత మాత్రాన గుడి కులం లేని చోటు అయిపోదు. డెల్టాలో ఊరి పెత్తనం బ్రాహ్మణుల చేతుల్లోంచి ఎప్పుడో భూమి ఉన్న కులాల చేతుల్లోకి వచ్చింది. అమ్మవారి కొలుపు పెత్తనమూ వాళ్ళదే. 'దళితబహుజన' అన్న ఒక్క మాటలో రథం లాగించేవాణ్నీ లాగేవాణ్నీ కలిపేస్తే మన విశ్లేషణ స్థలపురాణం పక్కకే చేరుతుంది.

మన జిల్లాలోనే దీనికి గట్టి పాఠం ఉంది. 1917 నవంబరులో బెజవాడలో పంచముల రాష్ట్ర మహాసభ జరిగింది. గుడివాడకు చెందిన సంస్కర్త గూడూరు రామచంద్రరావు ఏర్పాట్లు చూశాడు. హైదరాబాదు నుంచి వచ్చిన భాగ్యరెడ్డివర్మ అధ్యక్షత వహించాడు. 'పంచమ' అన్న పేరు తీసేసి 'ఆది ఆంధ్ర' అని పెట్టుకున్నది ఆ సభలోనే. సభ జరిగిన ఆ మూడు రోజులూ ప్రతినిధులు లోపలికి వస్తారేమోనని కనకదుర్గ గుడి తలుపులు మూసేశారు. సభ గుడి ప్రవేశం కోసం పెట్టింది కాదు. అయినా ఆది ఆంధ్రులు ఒకచోట చేరడంతోనే అమ్మవారికి తాళం పడింది. అందరికీ తల్లి అయిన అమ్మవారు! ఆ తరువాత సుమారు పాతికేళ్ళకు, 1941లో, జాషువా తన గోడు శివుడికి చెప్పిరమ్మని గబ్బిలాన్ని పంపాల్సి వచ్చింది. గుళ్ళోకి గబ్బిలానికున్న దారి మనిషికి లేదు మరి.

కానీ ఊరమ్మ గుడి ఇబ్బంది దుర్గ గుడి ఇబ్బంది కంటే వేరు. దుర్గ గుడి దళితుణ్ని బయట పెట్టింది. ఊరమ్మ గుడి దళితుణ్ని లోపలికి పిలుస్తుంది, పిలిచి పని అప్పజెబుతుంది. బయట పెట్టినవాడు లోపలికి వస్తానని పోరాడగలడు. పని కోసం లోపలికి పిలిచినవాడు ఏం చెయ్యాలి? రానని చెప్పాలి. దాని కోసం మనవాళ్ళు పడ్డ కష్టం చరిత్రగా రావాల్సినంత రాలేదు. ఒంగోలు ప్రాంతంలో క్లౌ దొర కాలంలో క్రైస్తవంలోకి వెళ్ళిన మాదిగలు పండగలకు డప్పు కొట్టమని మొండికేశారు. ఊరు వాళ్ళకు నీళ్ళు బంద్ చేసింది, కూలి బంద్ చేసింది. 1878 జులై 3న ఒక్క రోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారన్న సంగతి మిషను పుస్తకాల్లో పెద్దక్షరాల్లో ఉంటుంది. డప్పు కింద పెట్టిన రోజు అంతకంటే పెద్దదని మేము అనుకుంటాము. మన వైపు రాఘవాపురంలో మాల పెద్ద పగోలు వెంకయ్య 1859లో బాప్తిస్మం తీసుకున్నాడు. ఉయ్యూరులోనే కెనడియన్ బాప్టిస్టుల స్థావరం వెలిసింది. డెల్టా పల్లెల్లో చర్చి గంట మోగడమంటే అమ్మవారి కొలుపులో ఒక వరస ఖాళీ కావడం కూడా. మహారాష్ట్రలో అంబేద్కర్ మహర్ వతన్ మీద చేసిన పోరాటానికీ దీనికీ మూలం ఒకటే: వతనంలో భూమి ముక్క ఉంది, దాన్ని పట్టుకుంటే వెట్టీ పట్టుకోవాలి. ఆ ముక్కను కూడా వదిలేయమన్నాడాయన.

పనులు కులాన్ని బట్టి పుట్టకుండా ఊరి గుడి నడవడం సాధ్యమా అనేవాళ్ళున్నారు. సాధ్యమే. దక్షిణ చైనాలో, తైవానులో ప్రతి వాడకూ ఒక చిన్న గుడి ఉంటుంది. అందులో ఉండేది మన బొడ్రాయి లాంటి నేల దేవుడు, తూతీకుంగ్ అంటారు. ఇంటింటికీ తల లెక్కన చందా వేస్తారు. ఆ ఏడాది ఉత్సవం బాధ్యత ఎవరిదో తేల్చడానికి దేవుడి ముందు రెండు చంద్రవంక చెక్కలు వేస్తారు. ఒక చెక్క బోర్లా, ఒకటి వెల్లకిలా పడితే దేవుడు ఒప్పుకున్నట్టు. చందా ఇచ్చిన ఇళ్ళలో ఎవరికి వరసగా ఎక్కువసార్లు అట్లా పడితే వాళ్ళే ఆ ఏటి ధూపపాత్ర పెద్ద. వచ్చే ఏడు ఇంకొకరు. వచ్చిన డబ్బు, పోయిన డబ్బు ఎర్ర కాగితం మీద రాసి గుడి గోడకు అంటిస్తారు. సాంస్కృతిక విప్లవం రోజుల్లో, 1966 తరువాత, చైనాలో ఈ గుళ్ళను ధ్వంసం చేశారు. 1980ల నుంచి ఊళ్ళవాళ్ళే చందాలు వేసుకుని మళ్ళీ కట్టుకున్నారు. అక్కడేదో సమత వెల్లివిరిసిందని మేము చెప్పడం లేదు. చందా లెక్క చాలాచోట్ల మగతలలకే. పడవల మీద బతికే తంకా జనాన్ని గట్టుమీది ఊళ్ళు దగ్గరికి రానివ్వలేదు. అయితే ఆ వరసలో ఉన్నంతమందికి పని పుట్టుకతో రాదు, చెక్క పడితే వస్తుంది. ఉయ్యూరు శిడిబుట్టకు ఊరందరి పేర్ల మీదా చీటీ వేస్తే ఏమవుతుందో ఒక్క క్షణం ఊహించండి. 'అందరికీ తల్లి' అన్న మాట బరువు అప్పుడు తెలుస్తుంది.

చట్టం మాత్రం పైనే తిరిగింది. 1987 దేవాదాయ చట్టం అర్చకుల వంశపారంపర్య హక్కు రద్దు చేసింది. తిరుమల అర్చకుల కేసులో సుప్రీంకోర్టు 1996లో దాన్ని సమర్థించింది. 2007లో చట్టం సవరించి అర్చక కుటుంబాల కొనసాగింపుకు మళ్ళీ దారి ఇచ్చారు. ఇరవై ఏళ్ళపాటు శాసనసభ, న్యాయస్థానాలు వంశపారంపర్య హక్కు మీద తలలు బద్దలు కొట్టుకున్నాయి. వంశపారంపర్య విధి గురించి, అంటే డప్పు, శిడిబుట్ట గురించి, ఆ వాదనల్లో చోటు లేదు. 1950 నాటి జంతుబలి నిషేధ చట్టం కోడికీ మేకకూ రక్షణ ఇచ్చింది. 2019లో పాలకమండళ్ళలో బి.సి., ఎస్.సి., ఎస్.టి.లకు 50 శాతం రిజర్వేషను తెచ్చారు. ఇది మంచి అడుగే. కానీ బోర్డులో కుర్చీ వచ్చినంత మాత్రాన బుట్టలో చోటు మారదు. బోర్డు సమావేశంలో దళిత సభ్యుడు ఈ ప్రశ్న లేవనెత్తితే 'సంప్రదాయం జోలికి పోవద్దు' అనేస్తారు. గోపురం కట్టినప్పుడు, దున్న పోతు పోయి గుమ్మడికాయ వచ్చినప్పుడు సంప్రదాయానికి ఏం కాలేదు. ఈ ఒక్కదానికే అవుతుంది కాబోలు.

క్రైస్తవ దళితుల సంగతి ఇంకా చిక్కు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం మతం మారితే ఎస్.సి. హోదా పోతుంది. కాబట్టి ఆదివారం చర్చికి పోయే కుటుంబమే కాగితం మీద హిందువుగా ఉండాల్సి వస్తోంది. 'హిందువులమంటన్నారు గదా, మరి తిరునాళ్ళకు డప్పు ఎందుకు కొట్టరు?' అని ఊరు అడిగితే చెప్పే జవాబు వాళ్ళ సర్టిఫికెట్టుకు ముడిపడి ఉంది. డప్పు కొడితే విశ్వాసం పోతుంది, కొట్టనంటే కాగితం పోతుందని భయం. అమ్మవారి గుడి ఇక్కడ సాక్షి బోనులాగా తయారైంది.

1994లో ఈదుమూడిలో దండోరా పుట్టాక డప్పు అర్థం మారింది. ఊరు పిలిస్తే మోగిన డప్పే తన జాతిని తాను పిలుచుకోవడానికి మోగింది. ఆ తరువాత ప్రభుత్వానికీ డప్పు వినపడింది. డప్పు కళాకారులకు పింఛను పెట్టారు, 2024 జులై నుంచి నెలకు 4,000 రూపాయలు. అది సంక్షేమ శాఖ ఖజానా నుంచి వస్తోంది. తరతరాలు ఆ డప్పు మోగించుకున్న గుళ్ళ హుండీ నుంచి కాదు. కంకిపాడు వైపు పాఠకులను మేము కోరేది ఒక్కటే. ఈసారి మీ ఊరి తిరునాళ్ళ జమాఖర్చు కాగితం దొరికితే చూడండి. మేళం ఎక్కడ రాశారు, బాణసంచా ఎక్కడ రాశారు, డప్పు ఏ పద్దు కింద రాశారు, అసలు రాశారా లేదా, ఎంత అని రాసి మాకు పంపండి.